ఉప్పునీళ్ళ మేక

మా ఇంట్లో అందరికీ కుడిచెవి కంటే ఎడమచెవి కాస్త మందం. ఇది వంశపారంపర్యమా అని ఈ మధ్య ఒక డాక్టరు అడిగారు. ఒక రకంగా అంతేనన్నాను. మా తాతది కుడిచేతి వాటం.

వరంగల్ స్టేషన్ దగ్గర బజారులో మాకు మటన్ దుకాణం ఉండేది. రేకుల కప్పు, నల్లబండల నేల, మధ్యలో నడుమెత్తు చింతమొద్దు. దూలానికి ఒక పెద్ద తరాజు వేలాడేది. ఒక పళ్ళెంలో తూకపు బాట్లు పెడితే రెండోవైపు కొక్కేనికి మొత్తం మేకను వేలాడదీసి తూచవచ్చు. నేలను రోజుకు మూడుసార్లు వేడినీళ్ళతో కడగాలి. మాంసం కొట్టే చోట నేల మీద ఇంత కొవ్వు కనిపించినా ఆ రోజు ఎవరో ఒకరి ఎడమచెవి మోగేది. నా మొదటి దెబ్బ నాకు గుర్తుంది. ఐదేళ్ళ వయసులో, చేతిలోని కొవ్వుముక్క కింద పడేసినందుకు. ఎగిరి వెళ్ళి గోనెసంచి మీద పడ్డాను. తాత ముందు కొవ్వుముక్కను తీశాడు, తర్వాత నన్ను.

మా నాయినమ్మ నుదుటి మీది మచ్చ రాగిచెంబుది. మోచేతి మీదిది ఇత్తడిది. కంచు మచ్చ కూడా ఎక్కడో ఉందని చెప్పేది కానీ చూపించేది కాదు. ఆమె ఈ సంగతులు పండగ చీరల గురించి చెప్పినట్టు చెబుతుంటే మేము నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రాదు.

తాత చేతికి రెండు విద్యలు వచ్చు. ఒకటి చెప్పాను. రెండోది మేకను చూడటం. ఆ రోజుల్లో అంగట్లో మేకను తూచి కొనేవాళ్ళు కాదు, కంటితో చూసి కొనేవాళ్ళు. అందుకని కొందరు బేరగాళ్ళు ముందురోజు మేకకు గుప్పెడు ఉప్పు తినిపించి, దాహం పుట్టించి, తెల్లారి నీళ్ళు తాగించి తెచ్చేవాళ్ళు. పొట్ట బిగిసి, ఒళ్ళు నిండుగా, బలిసినట్టే కనిపించేది. కోస్తే ఎముకలు, తోలు. తాత కంటిని నమ్మేవాడు కాదు. మేక నడుము మీద, ఆఖరి పక్కటెముకకు వెనక, వెన్నుపూసకు రెండువైపులా బొటనవేలితో నొక్కేవాడు. మాంసమైతే వేలిని వెనక్కి నెడుతుంది. లేకపోతే వేలు నేరుగా ఎముకకు తగులుతుంది. అంతే, సెకను పని. ఆ వేలు తప్పు చెప్పగా ఎవరూ వినలేదు.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు, డెబ్బైల మొదట్లో, పరకాల అంగడికి నన్ను వెంట తీసుకెళ్ళాడు. ఒక బేరగాడు నిగనిగలాడే మేకపోతును ముందుకు తోశాడు. తాత వేలు పెట్టాడు, తీశాడు.

"ఉప్పు ఎప్పుడు వెట్టినవ్ రా?"

"ఉప్పేందే పెద్దమనిషీ! నా బిడ్డ మీద ఒట్టు. పొద్దుగాల చెలకల మేసచ్చింది."

"చెలకల ఉప్పు మొలిచిందా?"

అక్కడున్న వాళ్ళు నవ్వారు. బేరగాడు కూడా నవ్వాడు, అది పొరపాటు. తాత వాణ్ణి మెడ పట్టుకుని వాడి బకెట్ దగ్గరికే ఈడ్చుకెళ్ళాడు. వాడి మూటలోంచే గుప్పెడు గల్లుప్పు తీసి వాడి నోట్లో కూరి, తల బకెట్లో ముంచాడు. తీశాడు. నవ్వుతూ మళ్ళీ ముంచాడు. ముందుపన్ను ఒకటి బకెట్ అంచుకు తగిలి నీళ్ళు ఎర్రబడ్డాయి. వాడు కక్కుకుని కూలబడ్డాక తాత వాడి నడుము మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

"ఆఁ, ఇప్పుడు చూడు, బలిసినవ్."

తర్వాత వాడి దగ్గరే వేరే రెండు మేకలు కొన్నాడు. వాడు నోటికి తువ్వాల అడ్డం పెట్టుకునే బేరమాడాడు. ఇద్దరూ బీడీలు కాల్చుకున్నారు. బస్సులో తిరిగొస్తూ నేను వణుకుతుంటే తాత నాకు బన్ను కొనిపెట్టాడు. ఆ బేరగాణ్ణి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తాడు.

నేను హనుమకొండలో డిగ్రీలో చేరేసరికి తాతకు డెబ్బై దాటాయి. అప్పటికి ఇంట్లో ఒక మార్పు వచ్చింది. దెబ్బలు తగ్గలేదు కానీ మెత్తబడ్డాయి. చెవి మోగడం లేదు, వేడెక్కుతోందంతే. నేను దీన్ని నా చదువుకు దొరికిన గౌరవంగా తీసుకున్నాను. మా నాన్న, బాపు అనేవాళ్ళం, వయసు ప్రభావమన్నాడు. నాయినమ్మ దేవుడి దయ అంది. ముగ్గురం సంతోషించాం. పైగా తాత ముఖం నిండుకుంది, చెంపలు ఉబ్బాయి, కాళ్ళు స్తంభాల్లా అయ్యాయి. దుకాణానికి వచ్చిన ప్రతివాళ్ళూ "తాత మంచిగ బలిసిండు" అనేవాళ్ళు. నాయినమ్మ దిష్టి తీసేది.

ఆ బలం వెనక తన చేయి ఉందని ఆమె నమ్మకం. మా వాళ్ళ వైద్యం సులువు. మనిషికి ఏది పాడైతే మేకలో అది తినాలి. మోకాళ్ళ నొప్పులకు కాళ్ళ షోర్వా, చూపుకు కార్జం, మతిమరుపుకు భేజా. గిరాకీ వాళ్ళకు తాతే రోగం అడిగి కోసి ఇచ్చేవాడు. ఇక నడుముకూ మగతనానికీ గుర్దాలు. రోజూ కోసే మొదటి మేక గుర్దాల జత పెళ్ళైన నాటి నుంచీ తాతదే. బొగ్గుల మీద కాల్చి, ఉప్పూ కారం అద్ది, పొద్దున్నే తినేవాడు. యాభై ఏళ్ళలో ఎన్ని తిన్నాడో లెక్కవేస్తే, ఈ వైద్యమే నిజమైతే, ఆయన మూత్రపిండాలు జిల్లాలోకెల్లా బలమైనవై ఉండాలి.

తాతకు చెప్పులు పట్టక వాటి పట్టీలు కోసుకుని నడిచే స్థితి వచ్చింది. పడుకుంటే ఆయాసం. బాపు దుకాణం వదలలేక నన్ను తోడిచ్చి హనుమకొండ డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు సన్నగా, కళ్ళద్దాలతో, గాలికి పడేలా ఉండేవాడు. తాత మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి స్పిరిట్ దీపం మీద కాచాడు. చూస్తుండగానే అది తెల్లగా విరిగింది, ఉడికిన గుడ్డు తెల్లసొనలాగ.

"గుర్దాలు పాడైనయ్. నీళ్ళలో పోకూడనిది పోతోంది. పోవలసింది పోవడం లేదు" అన్నాడు డాక్టరు. తర్వాత తాత మోకాలి కింద, ఎముక మీద బొటనవేలితో నొక్కాడు. వేలు తీశాక అక్కడ గుంట పడింది. అది పూడలేదు. అందులో రేగుపండు పెట్టొచ్చు.

ఆ గుంట నేను చూశాను. ఆ బొటనవేలూ చూశాను. పరకాల అంగట్లో చూసిన మనవణ్ణే నేను. ఏమీ తట్టలేదు. డిగ్రీ చదువుతున్నాను కదా.

"ఉప్పు పూర్తిగా బంద్" అన్నాడు డాక్టరు. "మాంసం బంద్. నీళ్ళు కొలిచి తాగాలె. మానితే ఏండ్లు బతుకుతడు. మానకపోతే వచ్చే చలికాలం చూడడు."

తాత లేచి డాక్టరు కాలరు పట్టుకున్నాడు. "మటన్ దుకాణపోన్ని మాంసం తినొద్దంటవా? మీ అయ్యకు పాయ వోసి పెంచింది నేనుర!"

డాక్టరు తాత వేళ్ళను ఒక్కొక్కటిగా, దండెం మీది క్లిప్పులు తీసినట్టు, కాలరు నుంచి తీసేశాడు. ఐదు వేళ్ళు, ఐదు సెకన్లు. తాత డాక్టర్లంటే భయపడుతున్నాడని నేను అనుకున్నాను. ఒకప్పుడు మేకపోతును ఒంటిచేత్తో కొక్కేనికి ఎక్కించిన వేళ్ళు అవి.

"పెద్దాయనా, ఇంకొక్కటి చెయ్యి" అన్నాడు డాక్టరు కాలరు సర్దుకుంటూ. "ఆ స్టూల్ మీద కూసొని, చేతులు ఆన్చకుంట లేవ్."

తాత లేచాడు. మూడో ప్రయత్నానికి. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, గుర్దాలు సగం కథేనన్నాడు. మిగతా సగం ఒంట్లో మిగిలిన కండ. అది ఉన్నన్నాళ్ళు మనిషి తట్టుకుంటాడు. "ఆయనకాయన లేచి నిలబడ్డన్ని రోజులు నాకు భయం లేదు. అది చూస్తుండు."

అలా ఇంట్లో పోలీసు ఉద్యోగం నాకు వచ్చింది. పొద్దున కాలేజీకి ముందు దుకాణంలో కాపలా, సాయంత్రం వంటింట్లో కాపలా. ఉప్పు డబ్బా నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. మొదటి రోజు సప్పిడి పప్పు నోట్లో పెట్టుకుని తాత పక్కనున్న ఇత్తడి చెంబు తీసి నాయినమ్మ మీదికి విసిరాడు.

చెంబు ఆమె దాకా రాలేదు. సగం దూరంలో పడి, దొర్లి, ఆమె కాలి దగ్గర ఆగింది.

యాభై ఏళ్ళలో మొదటిసారి. నాయినమ్మ దాన్ని తీసి, నీళ్ళు నింపి, మళ్ళీ ఆయన పక్కన పెట్టింది. "కావాలనే తక్కువ ఇసిరిండు" అంది నాతో, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "మనసు మారింది బిడ్డా మీ తాతకు."

మేము అందరం కలిసి అంత గట్టిగా తప్పు అర్థం చేసుకున్నాం.

రెండు నెలలు గడిచినా వాపు తగ్గలేదు. ఇంకా పెరిగింది. ఉప్పు నా ట్రంకులో ఉంది, మాంసం నా కళ్ళముందు ఉంది. ఎలా పెరుగుతోందో తెలియలేదు. డాక్టరు నన్నే అనుమానంగా చూశాడు.

ఒకరోజు కాలేజీకి సెలవు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. పొద్దున్నే దుకాణం నుంచి బయల్దేరినట్టు వెళ్ళి, పుస్తకం మరిచిపోయినట్టు వెనక్కి వచ్చాను. బాపు మేకల కోసం మరిపెడ వెళ్ళాడు. ముందు గిరాకీ ఇంకా రాలేదు. వెనక గోనెపట్టా చాటున బొగ్గుల వాసన. పట్టా ఎత్తితే తాత ముక్కాలిపీట మీద, ఎదురుగా కుంపటి, ఊచకు గుచ్చిన గుర్దాల జత. పక్కన నాయినమ్మ చీరకొంగు మూట విప్పి ఉప్పు చల్లుతోంది. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన ఉప్పు. ఆ మనిషికి విషం పెట్టడానికి ప్రపంచంలో ఎవరికైనా హక్కుంటే అది ఆమెకే ఉంది. ఆమె అది ప్రేమతో పెడుతోంది.

"నాయినమ్మా! ఏం చేత్తానవే?"

"అరవకురా. ఆయన గుర్దాలు ఖరాబైనయన్నరు గద. మరి గుర్దాలు తినకుంటె ఎట్ల బాగైతయ్? బలమొత్తాంది, చూడు, ఎట్లున్నడో."

"బలం గాదే అది, నీళ్ళు! తాతా, ఇటియ్యే."

"దగ్గరికి రాకు" అన్నాడు తాత. చేతిలో తోలు వలిచే కత్తి ఉంది.

"ఇయ్యే తాతా. సత్తవ్."

"సత్తె నేను సత్త. నీయవ్వ, నీ సొమ్మేం పోతాంది? నా మేక, నా గుర్దా, నా పాణం."

ఊచ పట్టుకున్నాను. వేడికి అరచేయి కాలింది. ఆయన కత్తి వదిలేసి కొట్టాడు, అలవాటైన చెవి మీద. ఆ దెబ్బ ఎంత మెత్తగా ఉందంటే నాకు అవమానం అనిపించింది. పదిహేనేళ్ళుగా ఆ చెవిలో మూసి పెట్టిందేదో ఒక్కసారి తెరుచుకుంది. రెండు చేతులు ఆయన ఛాతీ మీద పెట్టి తోశాను.

ఆయన ప్రాణం కాపాడటానికి తోశానని రాసుకోవాలని ఉంది. ఆ తోపులో మొదటి సగం అందుకే. రెండో సగం నా ఎడమచెవి కోసం.

నేను కొండను తోయడానికి తగ్గ బలం పెట్టాను. అక్కడ కొండ లేదు. ఆయన పీట మీది నుంచి లేచిపోయి, పట్టాను దాటి, చింతమొద్దు మీద పడ్డాడు. కుడిచేయి కిందికి వచ్చింది. బొమిక విరిగిన చప్పుడు మా దుకాణానికి కొత్త కాదు. కానీ ఆ చప్పుడు తర్వాత ఎప్పుడూ ఇంత నిశ్శబ్దం రాలేదు. తాత అరవలేదు. నా వైపు చూశాడు. కోపంగా కాదు. ఎవరో తన సరుకు తూకం తప్పు చెప్పినట్టు, ఆశ్చర్యంగా.

నాయినమ్మ పెద్దగా ఏడ్చింది. పక్క దుకాణాల వాళ్ళు వచ్చారు. "ఏమైందిరా? ఏమైంది?"

"జారిండు" అన్నాను. "నేల మీద కొవ్వుండె. కొవ్వు మీద జారిండు."

తాత నోరు తెరిచాడు. మూసుకున్నాడు. నాయినమ్మ నన్నూ ఆయన్నూ మార్చి మార్చి చూసి, ఏడుపు కొనసాగించింది.

పెద్ద దవాఖానలో చేతికి కట్టు కట్టారు. మణికట్టు దగ్గర రెండుచోట్ల విరిగింది. హనుమకొండ డాక్టరు వచ్చి చూసి నీళ్ళు తీసే సూదులు మొదలుపెట్టించాడు. ఎంత తాగాడో, ఎంత పోశాడో కొలిచి రాయమన్నాడు. రాశాను. రెండురోజులు ఏమీ రాలేదు. డాక్టరు నాతో మాట్లాడటం తగ్గించాడు. నేను మంచం పక్కన కూర్చుని ఖాళీ సీసా వైపు చూస్తూ ఉన్నాను. నా డిగ్రీ, నా ఉద్యోగం, నా పెళ్ళి, ఇవేవీ ఆ సీసా నిండటమంత ముఖ్యంగా అనిపించలేదు. ఆయన ఇప్పుడు చనిపోతే రోగంతో పోయాడని ఊరంతా అంటుంది. ఊరికి తెలియనిది నాకూ, నాయినమ్మకూ, తాతకూ తెలుసు.

మూడోరోజు పొద్దున సీసా నిండింది. తర్వాత ఇంకొకటి. వార్డు ఆయా "ఓ అయ్యా, చెరువు తెగిందిరో!" అని అరిచింది. వారం రోజులు ఆయన ఒంట్లోంచి నీళ్ళు పోతూనే ఉన్నాయి. రోజురోజుకీ మంచం మీద తాత తగ్గుతూ, కింద నుంచి ఇంకెవరో బయటపడుతూ వచ్చారు. చెంపలు జారాయి. కాళ్ళ స్తంభాలు పోయి వెదురుకర్రలు మిగిలాయి. భుజం మీద కండ ఉండాల్సిన చోట గుంట. చొక్కా విప్పితే పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు.

నాయినమ్మ టిఫిన్ డబ్బాతో వచ్చి, మంచం ముందు నిలబడి, చాలాసేపు చూసింది. "ఈయన ఎవ్వలురా?" అంది.

నేను తోసింది ఇతన్ని. ఇన్నాళ్ళూ మమ్మల్ని కొట్టింది కూడా ఇతనే, నీళ్ళ లోపల దాక్కుని.

ఆ మధ్యాహ్నం తాత తన ఎడమచేయిని మెల్లగా నడుము వెనక్కి తీసుకెళ్ళాడు. ఆఖరి పక్కటెముక వెనక బొటనవేలు పెట్టాడు. నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. ఇంకోవైపు చేయి చేరలేదు. నా వైపు చూస్తే నేనే వెళ్ళి ఆ చేతిని అందించాను. నొక్కి, చేయి తీసి, కప్పు వైపు చూస్తూ పడుకున్నాడు.

"ఏ అంగట్ల కొన్నర్రా నన్ను?" అన్నాడు.

నాయినమ్మ టిఫిన్ డబ్బా మూత మళ్ళీ పెట్టేసింది.

"ఉప్పు వెట్టి నీళ్ళు తాపిన మాల్ ఇది. లోపల ఏం లేదు. తోలు, బొక్కలు." నాయినమ్మ వైపు తిరిగాడు. "నువ్వేనా తాపింది?"

ఆమె వెనక్కి జరిగింది, పాత అలవాటు కొద్దీ, చేయి అందనంత దూరం. "బలమొత్తదని..."

తాత ఎడమచేయి లేచింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఆ చేయి అలాగే గాలిలో కాసేపు ఉండి, దిగింది. ఈసారి మనసు మారి దిగిందో, మోయలేక దిగిందో మేమెవరం చెప్పలేదు. అలా చెప్పడం మానుకున్నాం.

"ఇంట్లకెళ్ళి ఉప్పు తీసెయ్యున్రి" అన్నాడు. "ఇన్నేండ్లు ఒక్కడు నాకు నీళ్ళ మేకను అమ్మలే. నేనే నీళ్ళ మేకనైతనా?"

డాక్టరు ఎన్ని చెప్పినా కానిది బొటనవేలు ఒక్కసారి చెప్తే అయింది. ఆ రోజు నుంచి తాత ఉప్పు ముట్టలేదు. గుర్దాల జతను తన చేత్తోనే కోసి, ఎదురుగా వచ్చిన మొదటి గిరాకీకి ఇచ్చేవాడు. కోపం మాత్రం ఉంచుకున్నాడు. సప్పిడి అన్నం ముందు కూర్చుని ముద్దకొక తిట్టు తిట్టేవాడు. అన్నాన్ని, డాక్టరును, సముద్రాన్ని. సముద్రం ఆయన ఎన్నడూ చూడలేదు.

నీళ్ళు మళ్ళీ చేరుతున్నాయో లేదో తెలియాలంటే రోజూ బరువు చూడమన్నాడు డాక్టరు. మనుషుల్ని తూచే మెషిన్ స్టేషన్లో ఉండేది కానీ దాన్ని తాత నమ్మలేదు. దాంట్లోంచి వచ్చే చీటీ మీద జాతకం కూడా ఉంటుంది, జాతకం అబద్ధమైతే బరువు నిజమెట్లైతదని ఆయన వాదన. అందుకని ప్రతి పొద్దున్నా దుకాణంలో పెద్ద తరాజు కొక్కేనికి గోనెసంచిని ఉయ్యాలలా కట్టి, తాతను అందులో కూర్చోబెట్టేవాళ్ళం. రెండోవైపు బాట్లు. పక్కనే తోలు తీసిన పొట్టేలు వేలాడుతుంటే ఈవైపు మా తాత వేలాడేవాడు. నేను బరువును కాపీలో, ఒక నోటుపుస్తకంలో, రాసుకునేవాణ్ణి. దిగాక చింతమొద్దు పక్కన పీట మీద కూర్చుని, చేతులు ఆన్చకుండా లేచేవాడు. ఒక్కోరోజు ఆరేడు సార్లు ప్రయత్నించేవాడు. పళ్ళు కొరుకుతూ, పీటను బండబూతులు తిడుతూ, శత్రువుతో కుస్తీ పట్టినట్టు. ఎవరైనా చేయి అందిస్తే ఆ చేతిని కరిచేవాడు. నా చూపుడువేలి మీద ఆ గుర్తు ఉంది.

పరకాల బేరగాడు ఒకరోజు మేకలు తోలుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి, తరాజుకు వేలాడుతున్న తాతను చూశాడు. ముందుపన్ను లేని నోరు వెడల్పుగా తెరిచాడు.

"ఏంది బావా, ఎంతకిత్తవ్ కిలో?"

"నీకు అమ్మరా. నువ్వు ఉప్పు వెడ్తవ్."

"నాకెందుకీ మాల్! నడుముల ఏం లేదు. పాయ కూడ ఎల్లదు."

తాత పళ్ళెంలోంచి అరకిలో బాటు తీసి వాడి మీదికి విసిరాడు. అది ఎదురుగా ఉన్న నా కాలి మీద పడింది. బరువు ఒకవైపు తగ్గేసరికి తాత గోనెసంచితో సహా కిందికి దిగి, పిర్ర నేలకు తగిలి, కూలబడ్డాడు. నేను ఒంటికాలి మీద గెంతుతుంటే, ఇద్దరు ముసలివాళ్ళూ దుకాణం అదిరేలా నవ్వారు. తాత నవ్వగా నేను విన్న రెండోసారి అది. మొదటిసారి ఇదే మనిషి తల బకెట్లో ఉంది.

అలా మూడేళ్ళు. ఎనభైలు వచ్చాయి. నేను డిగ్రీ ముగించి, దగ్గరలోనే చిన్న ఉద్యోగంలో చేరి, పొద్దున తూకం మాత్రం మానలేదు. నేను తోసిన సంగతి గురించి మా ముగ్గురిలో ఎవరమూ నోరెత్తలేదు. తాత కుడి మణికట్టు వంకరగానే అతుక్కుంది. ఆ మూడేళ్ళలో ఆ చేత్తో ఎవర్నీ కొట్టలేదు. బజారులో ఎవరైనా అడిగితే నా మాటే చెప్పేవాళ్ళు, ఫలానా దుకాణంలో కొవ్వు మీద జారి పడ్డాడని. అది విన్నప్పుడల్లా తాత దవడ బిగుసుకునేది. నా మీది కోపమే అనుకున్నాను. ఉండాల్సిందే కదా.

ఒక చలికాలం, బరువు పెరగడం మొదలైంది. ఉప్పు లేదు, మాంసం లేదు, అయినా రోజుకు ఇంత. తాత పళ్ళెంలోని బాట్లు చూసుకుని "వచ్చినయ్" అన్నాడంతే. డాక్టరు సూదులు ఇచ్చాడు. కొన్ని నీళ్ళు పోయాయి, అన్నీ పోలేదు. ఒక పొద్దున పీట మీద కూర్చుని తొమ్మిదిసార్లు ప్రయత్నించాడు. పదోసారి ప్రయత్నించలేదు. పీటను తిట్టలేదు కూడా. ఆ రోజు నేను కాపీలో బరువు రాసి, కింద ఒక గీత గీశాను.

మూడురోజుల తర్వాత మంచం దగ్గరికి పిలిచాడు. నాయినమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది.

"ఇటు రా. జర వంగు."

వంగాను.

"ఆ దినం ఏమన్నవ్ రా అందరికి?"

"ఏ దినం తాతా?"

"తెల్వనట్టు చేయకు. కొవ్వు మీద జారిండన్నవ్."

"తాతా, నేనే నూకిన. నువ్వు సత్తవని..."

"నూకితివి. నూకుతరు. నేను మా అయ్యను నూకిన, బాయిల పడ్డడు. గది గాదు." ఆయాసంతో ఆగాడు. "నా దుకాణంల, నేల మీద, కొవ్వుండెనా? యాభై ఏండ్లల ఎప్పుడన్న ఉండెనా? మూడేండ్ల సంది బజారంత అంటాంది, వాని దుకాణంల కాలు వెడితె జారుతమని."

నాకు నవ్వు రాబోయింది, ఏడుపు రాబోయింది, రెండూ రాలేదు. నాయినమ్మ మాత్రం నావైపు తీవ్రంగా చూసింది. "అవును మరి, నేను పొద్దుగాలనే కడిగిన గద ఆ దినం" అంది.

వంకర మణికట్టు చేయి మంచం మీది నుంచి లేచింది. చాలాసేపు పట్టింది రావడానికి. నేను ఎడమచెవి ఇంకా దగ్గరికి తెచ్చాను. చేయి వచ్చి తగిలింది. ఎండుటాకు తగిలినట్టు. నేను తల పక్కకు విసురుగా తిప్పి, "అబ్బా!" అని, మంచం కోడు పట్టుకుని తూలాను. కాలేజీ నాటకాల్లో నాకు ఎప్పుడూ వేషం ఇవ్వలేదు. ఎందుకో అప్పుడు తెలిసింది.

"యాక్షన్ చేయకు" అన్నాడు తాత కళ్ళు మూసుకుంటూ. "ఎంతున్నదో గంతనే. ఉప్పు వెట్టకు."

"సరే తాతా."

"బజార్ల చెప్తవా?"

"చెప్త."

చెప్పాను. ఆ సాయంత్రమే వరుసగా ప్రతి దుకాణం ముందు నిలబడి, మా నేల మీద కొవ్వు లేదనీ, నేనే తోశాననీ చెప్పాను. కొందరు నమ్మలేదు. ఇస్త్రీ అతను నమ్మి, నా చెంప మీద ఒకటి ఇచ్చాడు, పెద్దమనిషిని తోస్తవా అని. కుడిచెంప. అతనిది ఎడమచేతి వాటం. తిరిగొచ్చి తాతకు ఇది చెప్తే పెదవులు కొంచెం కదిలాయి. తెల్లారి పొద్దెక్కాక, నాయినమ్మ తడిబట్టతో ముఖం తుడుస్తుండగా పోయాడు.

పాడె ఎత్తినప్పుడు ముందువైపు పరకాల బేరగాడు పట్టాడు. నాలుగడుగులు వేసి, భుజం సర్దుకుని, నా వైపు తిరిగాడు.

"ఏం బరువు లేడేందిరా! ఎంతుంటడు?"

ముప్పై ఎనిమిది కిలోల పావు. చివరి తూకం కాపీలో ఉంది. అందులో నాలుగైదు కిలోలు నీళ్ళు. అది తీసేసి చెప్పాను.